పీనుగుల గేరికి పెట్టిన మంచి పేరు

కర్నూలులో మా కాలాన ప్రతి పేటకూ రెండు పేర్లుండేవి. ఒకటి మునిసిపాలిటీ పుస్తకంలోది. దాన్ని ఇంటిపన్ను కట్టే రోజు తప్ప ఎవరూ తలచుకునేవారు కాదు. రెండోది జనం పెట్టింది. దానికి బోర్డు అక్కర్లేదు, ఆ పేరు చెబితే జట్కావాడు మళ్ళీ అడగడు. పొద్దున్నే కొళాయి దగ్గర బిందెలతో కొట్టుకునే ఆడవాళ్ళున్న సందును బిందెల కోట అనేవాళ్ళం. కోర్టు గుమాస్తాలు, వాళ్ళ వెంట తిరిగే సాక్షులు కాపురముండేది అబద్ధాల వీధి. ఆ వీధి మనిషి గడియారం చూసి టైము చెప్పినా ఇంకొకరిని అడిగి సరిచూసుకునేవాళ్ళం. పెళ్ళయి కడపకు పోతే అక్కడా అదే తంతు. మేము అద్దెకు దిగిన చోటు పేరు గయ్యాళి సందు. నేను అడుగుపెట్టకముందే నా పేరెట్లా తెలిసిందీ ఊరికి అని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వబోయి ఊరుకున్నాను. పేటల పేర్ల మీద నవ్వే అర్హత నాకు లేదు.

ఎందుకంటే మాది పీనుగుల గేరి.

గేరి అంటే మా వైపు వీధి. ఊళ్ళో సగం పేటల్లో ఎవరు పోయినా తుంగభద్ర ఒడ్డుకు మా గేరి మీదుగానే మోసుకుపోయేవారు. వేరే దారి లేక కాదు. ఆ దారిలో పెద్ద అంగళ్ళున్నాయి, వాళ్ళు ఒప్పుకోరు. మా గేరిలో మేం ఒప్పుకోం అని ఎదురు చెప్పగలిగేంత మనుషులు లేరు. అందుకని తప్పెట్లు, బొరుగులు, ఏడుపులు అన్నీ మా వాకిళ్ళ ముందు నుంచే పోయేవి. బయటివాళ్ళకు మా గేరంటే దయ్యాలున్న చోటు. జట్కావాళ్ళు గేరి మొదట్లోనే దింపేసి, లోపలికి గుర్రం రాదనేవాళ్ళు. పాపం, గుర్రం మీద నెట్టేవాళ్ళు గానీ భయం వాళ్ళది.

మా నాయనది ఆలూరు దగ్గర ఒక పల్లె. వరసగా వానల్లేక, చేను బీడు పెట్టి కర్నూలు వచ్చి, ఆ గేరిలో వెదుళ్ళ అంగడి పెట్టాడు. నిచ్చెనలకు, పందిళ్ళకు, గంపలల్లేవాళ్ళకు వెదుళ్ళు అమ్మేవాడు. కానీ గేరి అలాంటిది కనుక పాడెకు కావలసిన రెండు వెదుళ్ళు, కొబ్బరి తాడు కూడా మా దగ్గరే కొనేవారు. అందరు అంగడివాళ్ళూ బేరమయ్యాక మళ్ళీ రమ్మంటారు. మా నాయన ఎవరినీ మళ్ళీ రమ్మనేవాడు కాదు. తల దించుకుని తాడు చుట్టి చేతికిచ్చేవాడు.

ఆ గేరిలో బతకడానికి కొన్ని పద్ధతులుండేవి. తప్పెట చప్పుడు గేరి మలుపు తిరగగానే వీధి తలుపులు మూసేయాలి. పొయ్యి మీద ఎసరుంటే దించేయాలి. నోట్లో ముద్ద ఉంటే మింగేసి, ఇంకో ముద్ద ఎత్తకూడదు. పీనుగ దాటిపోయాక ఎవరో ఒకరు ముందుగా బయటికొచ్చి పేడనీళ్ళు చల్లుతారు. ఆ నీళ్ళు పడే చప్పుడు వినపడేదాకా తలుపు తీయకూడదు. అన్నిటికంటే గట్టి కట్టుబాటు ఇంకొకటి. ఆ మధ్యలో బయటినుంచి ఎవరు పిలిచినా పలకకూడదు. మూడుసార్లు పిలిస్తేనే పలకాలి. పోయినవాళ్ళు పోతూ పోతూ తోడుకోసం ఒకసారి పిలుస్తారట, మరీ ఆశ ఉంటే రెండుసార్లు పిలుస్తారట. మూడోసారి పిలవడం బతికున్న మనిషికే చేతనవుతుందట. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే మరీ జాగ్రత్త. పలికితే ఆ మనిషినే తీసుకుపోతారు. ఇదంతా నాకు నేర్పింది మా అమ్మే. పల్లెలో ఇవేవీ లేవు, గేరిలో దిగిన మొదటి నెలలో పక్కింటామె అమ్మకు చెప్పింది, అమ్మ నాకు చెప్పింది. చెప్పినామె కంటే విన్నామెకే పట్టుదల ఎక్కువైంది.

నాకు భయం కంటే సిగ్గు ఎక్కువ. అది రాజధాని రోజుల్లో ఇంకా పెరిగింది. ఉన్నట్టుండి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యేసరికి ఇళ్ళు చాలక ఆఫీసులు గుడారాల్లో పెట్టారు. రోజూ చూసే మైదానం ఒక్కసారిగా గుడారాల పేట అయిపోయింది. సర్కారు జిల్లాలనుంచి, అంటే కోస్తా వైపు నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలు మా ఆడపిల్లల హైస్కూల్లో చేరారు. ఇస్త్రీ పరికిణీలు, రెండు జడలకు రిబ్బన్లు. మా మాట వింటే చాలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి నన్ను మీ ఇల్లెక్కడ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఊరి పిల్ల ఒకతి, నా బెంచీలో కూర్చునేదే, "ఈ పిల్లది పీనుగుల గేరి" అని చెప్పేసింది. ఆ రోజునుంచి ఆ సర్కారు పిల్ల నా పక్కన కూర్చుంటే జడ ముందుకు వేసుకుని కూర్చునేది, నాకు తగలకుండా.

ఆ ఏడే మా గేరికి ఒక మంచి పేరు వచ్చింది. రాజధానిలో అట్లాంటి పేరేమిటని ఎవరో పెద్దమనిషి పట్టుబట్టి, గేరి మొదట్లో ఒక రేకు బోర్డు కొట్టించాడు. ఆనందపేట. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చూసినవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. మా నాయన అయితే, "పోయినోళ్ళకు ఆనందమే గదప్పా, ఉండేటోళ్ళకే లేదు" అన్నాడు. ఒక వానాకాలానికి అక్షరాలు కారిపోయాయి. మరుసటి గాలికి రేకు ఊడి పడితే ఎవరో మేకల కొట్టం కప్పుకున్నారు. ఆ పేరును దాచుకున్నది ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే.

అమ్మ చదువుకోలేదు. నెలకొకసారి ఆలూరు దగ్గర ఉన్న తన తల్లికి, అంటే మా అవ్వకు, నాచేత కార్డు రాయించేది. అవ్వకూ చదువు రాదు. పల్లెలో అంగడతను ఆ కార్డు అరుగు మీద కూర్చుని పదిమందికీ వినపడేట్టు చదివేవాడట. అవ్వ ఎప్పుడూ కర్నూలు చూడలేదు. చేను, బర్రె, ఒంటి కాపురం వదిలిపెట్టి రాలేకపోయేది. మేమే ఏడాదికొకసారి పోయేవాళ్ళం. పోతే చేను, బర్రె, పల్లె కబుర్లే గానీ గేరి మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఒకసారి కార్డు రాయిస్తూ అమ్మ, "మనముండే గేరి పేరు కూడా రాయి పాపా. ఎప్పుడన్నా వస్తే అడుక్కోని రావల్ల గదా. వెదుర్ల అంగడి పక్కిల్లని రాయి" అంది. నా కళ్ళముందు ఆ అరుగు, ఆ పదిమందీ కనపడ్డారు. పీనుగుల గేరి అని వాళ్ళంతా వినడం నేను ఊహించుకోలేకపోయాను. ఆనందపేట అని రాశాను. అంగడి సంగతి అసలు రాయలేదు, నాయన వ్యాపారం బాగుందని రాశాను. రాసింది చదవమంటే అమ్మ చెప్పినట్టే చదివి వినిపించాను. అంత తెలివి ఉండేది నాకు. పోస్టుమాన్ మా నాయన పేరు చూసి కార్డులు తెచ్చిచ్చేవాడు కనుక నా తెలివి ఎక్కడా బయటపడలేదు.

ఆ మరుసటి ఎండాకాలం అమ్మకు విషజ్వరం పట్టుకుంది. డాక్టరు సీసాలో ఎర్ర మందు ఇచ్చి, గంజి తప్ప ఏదీ పెట్టొద్దన్నాడు. రెండో వారానికి మనిషి మంచానికి అంటుకుపోయింది. మాటలు తగ్గిపోయాయి. తగ్గిపోయిన మాటల్లో మిగిలింది ఒకటే. "మాయమ్మను పిలిపించండి. ఒకతూరి చూడల్ల." నాయన, కార్డు రాయమన్నాడు. రాశాను. అమ్మకు శానా జబ్బుగా ఉంది, వెంటనే రా అని రాశాను. గేరి అసలు పేరు మాత్రం అప్పుడూ రాయలేదు. భయంలో తోచలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తోచకపోవడం కాదు. ఆ అరుగు ఇంకా నా కళ్ళముందే ఉంది.

రోజూ పొద్దున లేస్తే అమ్మ అడిగేది, "వచ్చినాదా?" అని. రాలేదంటే, "ఆలూరు బస్సు ఇంకా రాలేదేమోలే" అనేది. నాలుగు రోజులు అట్లా అయింది.

ఐదో రోజు మధ్యాహ్నం ఎండ ఇంకా వాలలేదు. నాయన గుడారాల దగ్గరికి పందిరి వెదుళ్ళు తోలుకుపోయాడు. ఇంట్లో నేనూ అమ్మా. తప్పెట చప్పుడు వినపడింది. నేను లేచి వీధి తలుపు మూసి గడియ పెట్టాను. పొయ్యి మీద గంజి దించాను. అమ్మ మంచం పక్కన వచ్చి కూర్చున్నాను. మా వాకిలి ముందు నుంచి పీనుగ పోయింది. తప్పెట్లు ఏటి వైపు దూరమయ్యాయి. ఎవరూ ఇంకా నీళ్ళు చల్లలేదు. గేరంతా చప్పుడు లేకుండా ఉంది.

అప్పుడు మా తలుపు దగ్గర ఒక గొంతు పిలిచింది. "అమ్మీ!"

ముసలి గొంతు. అలసిపోయిన గొంతు. మేము ఏడాదికొకసారి వినే గొంతు, మూసిన తలుపు అవతలినుంచి వస్తే ఎవరిదో నాకు తెలియలేదు. అమ్మకు తెలిసింది. రెండు రోజులుగా తల తిప్పని మనిషి తలుపు వైపు తల తిప్పింది.

"మాయమ్మ" అంది.

"ఊరుకో అమ్మా" అన్నాను.

"మాయమ్మ గొంతు పాపా. వచ్చినాది. తలుపు తియ్."

జ్వరంలో ఉన్నవాళ్ళకు పిలుపులు వినపడతాయని పక్కింటామె ఎన్నోసార్లు చెప్పింది. అయినవాళ్ళ గొంతుతోనే పిలుస్తారట. నాకు ఆ ముసలి గొంతు ఇప్పుడే పాడె మీద పోయినామెదనిపించింది. అమ్మను తోడు అడుగుతోందనిపించింది. ఇంకోసారి పిలవనీ, ఇంకోసారి పిలిస్తే తీస్తానమ్మా అని చెవిలో చెప్పాను.

"అమ్మీ, ఎవరన్నా ఉండారా ఇంట్లో?"

రెండోసారి. అమ్మ పలకబోయింది. నోరు తెరిచింది. నేను నా అరచెయ్యి ఆమె నోటి మీద పెట్టి అదిమాను. ఎంత సేపో చెప్పలేను. చేతికింద పెదవులు కదిలాయి. వేడి ఊపిరి తగిలింది. ఆమె కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను మూడో పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. అది రాలేదు. పక్కింటి తలుపు దగ్గర ఏవో మాటలు వినపడ్డాయి, తరువాత చెప్పుల్లేని అడుగులు ఎండలో దూరంగా పోయాయి. కాసేపటికి ఎవరో నీళ్ళు చల్లారు. నేను పరుగున పోయి గడియ తీశాను. గేరిలో ఎవరూ లేరు. మట్టిలో బొరుగులు పడి ఉన్నాయి.

తిరిగొచ్చి, ఎవరూ లేరమ్మా, చూశావా అన్నాను. గెలిచినదానిలా అన్నాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నాయన వచ్చాక ఆ పిలుపు సంగతి అమ్మా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ తరువాత అమ్మ అవ్వను గురించి ఒక్కసారి కూడా అడగలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం పోయింది. మా అంగట్లో వెదుళ్ళే, నాయన చేతులతో తానే కట్టాడు. గేరి వాళ్ళందరూ తలుపులు మూసుకున్నారు. మేము ఆ మూసిన తలుపుల ముందునుంచి నడిచిపోయాం.

ఆలూరు బస్సు కండక్టరుతో నాయన కబురు పంపితే, రెండు రోజులకు అవ్వ వచ్చింది. కండక్టరు ఎవరినో తోడిచ్చి పంపాడు. ఆ మనిషి పీనుగుల గేరి అని అడిగి నేరుగా తీసుకొచ్చేశాడు. నేను వాకిట్లో కూర్చుని ఉన్నాను. అవ్వ మా ఇంటి ముందు ఆగిపోయింది. లోపలికి రాలేదు, ఏడవలేదు. తలుపు వైపే చూస్తూ నిలబడింది.

"ఈ వాకిలేనా?" అంది. "నేను ఈడికొచ్చినా గదా ఆ పొద్దు. ఈ నీలం తలుపే. ఈ తలుపే కొట్టబోయినా."

ఆ పొద్దు జరిగిందంతా గడప మీద కూర్చుని నాయనకు చెప్పింది. కార్డు చదివించుకుని, బర్రెను ఇంకొకరికి అప్పగించి, బస్సెక్కింది. బస్సు దిగి ఆనందపేట యాడప్పా అని అడిగింది. ఎవరికీ తెలియదు. అల్లుడి పేరు చెబితే ఏ పేటలో ఉంటాడని ఎదురడిగారు. జట్కావాడు, అంత మంచి పేరుంటే ఆఫీసర్లుండే తట్టే ఉంటుందని గుడారాల వైపు పంపాడు. అక్కడ బంట్రోతులు పొమ్మన్నారు. ఎండలో ఈ పేట నుంచి ఆ పేటకు తిరిగింది. చివరికి ఎవరో ఏటి దగ్గర అడిగి చూడమంటే ఇటు వచ్చింది. గేరి అంతా తలుపులు మూసి ఉన్నాయి. మా తలుపు దగ్గర రెండుసార్లు పిలిచింది. వాళ్ళ పల్లెలో రెండుసార్లు పిలిచి పలకకపోతే ఇంట్లో ఎవరూ లేరని లెక్క. పక్కింటామె తలుపు దగ్గర లోపల అలికిడి వినపడి మూడోసారి కూడా పిలిస్తే, ఆమె తలుపు తీయకుండానే, "ఆనందపేటా? అట్లాంటిది ఈడ లేదు తల్లీ. ఇది పీనుగుల గేరి" అందట.

"ఆ పేరు ఇంటానే నాకు గుండె జారిపాయ" అంది అవ్వ. "నా బిడ్డ ఇట్లాంటి చోట యాడుంటాదిలే అనుకొంటి. బిరబిరా పోయినా. రాత్రి బస్టాండులో పండుకొని తెల్లారి బస్సుకు పోతి."

నాయన అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆనందపేట అని ఎవరు రాశారో ఆయనకు వెంటనే తెలిసిపోయింది, ఇంట్లో రాయడం వచ్చినది నేనొక్కదాన్నే. ఆ రోజు గానీ, ఆ తరువాత గానీ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కొట్టి ఉంటే బాగుండేది. బడికి పోయినా, ఇంట్లో ఉన్నా, అన్నం వడ్డించినా, ఆయన నావైపు చూసే చూపులో ఆ కార్డు ఉండేది. కానీ ఆయనకు తెలిసింది సగమే.

అవ్వ నావైపు తిరిగింది. నా గడ్డం పట్టుకుని అడిగింది. "నేను పిలిచినప్పుడు మీయమ్మ మేలుకోనుండెనా? నా గొంతు ఇనపడిందా అమ్మీ దానికి?"

"లేదవ్వా" అన్నాను. "నిద్రపోతాండె. నేను పెరట్లో ఉంటి."

అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. అబద్ధాల వీధిలో కూడా అంత నమ్మకంగా చెప్పేవాళ్ళు ఉండరు. అవ్వ తల ఊపింది. "ఇనపడింటే పలికుండును. నేను పిలిస్తే పలకకుండా ఎప్పుడూ ఉండలేదు నా బిడ్డ" అని, అప్పుడు ఏడ్చింది.

నాకు ఇప్పుడు ఆ రోజు అమ్మ వయసుకు రెండింతలకు మించే ఉంది. ఆ గేరి పేరు ఇప్పుడు చాలామందికి తెలియదు. దయ్యాలను నేను నమ్మను. కానీ మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగి ఉన్నప్పుడు నా కుడి అరచేతిలో వేడి ఊపిరి తగులుతుంది. కొంగుకు తుడుచుకుంటాను, పోదు. తలుపు దగ్గర ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతాను. కూరగాయలమ్మే ఆమె పక్కింటివాళ్ళను పిలిచినా పలుకుతాను. మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

అవ్వ ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికింది. చేను కౌలుకిచ్చి, చివరి రెండేళ్ళు కడపలో మా దగ్గరే ఉంది. నేను ఆమెకు తల దువ్వేదాన్ని, కాళ్ళు పిసికేదాన్ని. తల్లి వచ్చిందని అమ్మకు తెలుసు, గొంతు గుర్తుపట్టింది, మాయమ్మ అని నోరారా అంది. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ముసలి ప్రాణానికి ఎంత ఊరటో. చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచాను. అది చెబితే నా అరచెయ్యి సంగతి కూడా చెప్పాలి. అందుకని ఆమెకు రావలసిన ఆ ఊరట కూడా నేనే మింగేశాను.

తల దువ్వుతుంటే ఆమె ఎప్పుడూ ఒకటే అడిగేది. "నేను రాలేదనుకోనే పోయింది గదా అమ్మీ నా బిడ్డ?"

అవునవ్వా అనేదాన్ని. అడిగిన ప్రతిసారీ అవుననే అన్నాను.